ఆ పథ్యం కాగితం మార్చండి: రుమటాలజీ క్లినిక్‌లకు బహిరంగ లేఖ

రుమటాలజీ క్లినిక్‌లు నడిపేవారికి, వాటిలో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు

నమస్కారం.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచి నొప్పిపెట్టే దీర్ఘకాలిక జబ్బు) అని తేలిన రోగి మందుల చీటీ అందుకుంటూనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏం తినొచ్చు, ఏం తినకూడదు?" జవాబుగా చాలాచోట్ల ఒక కాగితం చేతిలో పెడతారు. అందులో 'తినకూడనివి' అనే వరస పొడుగ్గా ఉంటుంది. టమాటా, వంకాయ, బంగాళాదుంప, పాలు, గుడ్లు, మాంసం, పప్పులు, గోధుమలు... ఒక కాగితంలో లేనిది ఇంకో కాగితంలో ఉంటుంది. రోగి రెండు మూడుచోట్ల చూపించుకుని ఉంటే మూడు కాగితాలూ కలిపి పాటిస్తాడు. ఆఖరికి పళ్లెంలో మిగిలేది కాస్త పిండి పదార్థం, కాసిని కూరగాయలు.

మేము ఆహార పోషణ రంగంలో పనిచేసేవాళ్లం. మీ మందుల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ జబ్బును అదుపులో పెట్టేది మెథోట్రెక్సేట్ లాంటి మందులే, ఆహారం వాటికి బదులు కాదు. మా అభ్యర్థనంతా ఆ కాగితం గురించే. తినకూడనివాటి జాబితా తీసేసి, ఏది ఎంత తినాలో, ఏ మందుతో ఏది ఎప్పుడు వేసుకోవాలో రాసి ఇవ్వండి. ఇలా ఎందుకు అడుగుతున్నామో వివరంగా చెబుతాం.

ఈ జబ్బు కీళ్లతో ఆగదు. కీళ్లలో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి రసాయనాలు రక్తంలో తిరుగుతూ కండరంలోని ప్రొటీన్‌ను కరిగిస్తుంటాయి. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది, దానితో కండ ఇంకొంచెం పోతుంది. స్టెరాయిడ్ తోడైతే మరికొంత. 1994లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఈ రోగుల శరీరంలో జీవకణాల రాశి ఆరోగ్యవంతుల కన్నా 13 శాతం తక్కువగానూ, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి 12 శాతం ఎక్కువగానూ ఉన్నట్టు కొలిచారు. దీన్ని రుమటాయిడ్ కేకెక్సియా అంటారని మీకు తెలుసు. మామూలుగా జబ్బుపడి చిక్కిపోవడానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. కండ పోయినచోట కొవ్వు చేరుతుంది కాబట్టి బరువు దాదాపు అంతే ఉంటుంది. తూకం యంత్రం మీద నిలబెట్టి "బరువు బాగానే ఉంది" అని ఫైలులో రాసేస్తే సగం నిజమే రాసినట్టు. అందుకే 2007లో కొందరు పరిశోధకులు ఈ రోగులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) హద్దులు కిందికి దించాలని సూచించారు. 25 దగ్గర కాకుండా 23 దగ్గరే అధిక బరువు, 30 దగ్గర కాకుండా 28 దగ్గరే స్థూలకాయం అని లెక్కించాలన్నారు. అదే బీఎంఐ ఉన్న ఆరోగ్యవంతుల కన్నా వీళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువ కనుక.

కండ కరిగిపోతున్న మనిషికి గుడ్లు వద్దు, పాలు వద్దు, పప్పులు వద్దు అని రాసి ఇస్తున్నాం. మా బాధ అంతా ఇక్కడే.

ఈ నిషేధాల్లో కొన్ని గౌట్ జబ్బు నుంచి వచ్చి చేరినవే. గౌట్‌లో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకుంటాయి, కాబట్టి అక్కడ కొన్ని మాంసాలకు, మద్యానికి హద్దు పెట్టడంలో అర్థముంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మూలం యూరిక్ యాసిడ్ కాదు, రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల పొర మీదే దాడి చేయడం. రెండింటినీ కలిపి 'కీళ్ల నొప్పుల పథ్యం' అని ఒకే కాగితం అచ్చువేస్తే, గౌట్ లేనివాడు గౌట్ పథ్యం చేస్తాడు. మీ క్లినిక్‌లో రెండు జబ్బులకూ ఒకే కాగితం వాడుతుంటే ముందు దాన్ని రెండుగా విడదీయండి. ఈ పనికి ఒక్క పూట చాలు.

టమాటా, వంకాయ, బంగాళాదుంప ఈ జబ్బును పెంచుతాయనడానికి నికరమైన ఆధారం లేదు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను మానాల్సింది, దానివల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు. పాలు మానితే పడే దెబ్బ ఎముకల మీద పడుతుంది, ఆ సంగతి కాస్త కిందికి వచ్చాక చెబుతాం.

"ఫలానాది తిన్న మర్నాడు నాకు కీళ్లు పట్టేస్తాయి" అని ఖాయంగా చెప్పే రోగులు మాత్రం ఉంటారు. వాళ్లను కొట్టిపారేయకండి, అలాగని వెంటనే తల ఊపేయకండి. ఈ జబ్బు ఎలాగూ దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నొప్పి బాగా ఎక్కువైన రోజున ఏదో ఒకటి మానేస్తారు. ఆ నొప్పి మరో నాలుగు రోజులకు ఎలాగూ తగ్గేది, కానీ ఆ ఘనత మానేసిన పదార్థానికి దక్కుతుంది. తేల్చుకోవడానికి పద్ధతి ఉంది. అనుమానం ఉన్న ఒక్క పదార్థాన్నే మూడు వారాలు మానాలి. ఆ మూడు వారాల్లో మందుల మోతాదు మారకూడదు. పొద్దున లేచాక కీళ్లు ఎన్ని నిమిషాలకు వదులయ్యాయో రోజూ రాసుకోవాలి, నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె వేసుకోవాలి. తర్వాత అదే పదార్థాన్ని మూడు నాలుగు రోజులు మామూలు మోతాదులో తిరిగి తినాలి. రాసుకున్న అంకెలు అప్పుడు స్పష్టంగా పైకి లేస్తేనే దానికి పేరు పెట్టాలి. రెండోసారి మానినప్పుడూ తగ్గి, తిన్నప్పుడూ పెరిగితే ఇంకా నమ్మకం. పాలో గుడ్లో అలా తేలితే వాటి బదులు ఏం తినాలో అదే రోజు రాసి ఇవ్వాలి. ఐదారు పదార్థాలు ఒకేసారి మాన్పించే పద్ధతిలో దోషి ఎవరో ఎప్పటికీ తెలియదు, కండ మాత్రం తగ్గిపోతుంది. తిన్న వెంటనే ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా అది అలర్జీ. ఆ పదార్థంతో ఇంట్లో ఈ పరీక్ష చేయకూడదు.

ఉపవాసం గురించి కూడా అడుగుతారు. 1991లో నార్వేలో చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. రోగులను 7 నుంచి 10 రోజులు ఉపవాసం ఉంచి, తర్వాత ఏడాది పాటు శాకాహారం పెట్టారు. కీళ్ల బాధ తగ్గిన మాట నిజమే. అయితే ఉపవాసం వల్ల వచ్చే ఉపశమనం మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టాక నిలవదని ఇతర అధ్యయనాలు చూపాయి. కండ తక్కువున్న రోగి వారం పాటు తిండి మానితే పోయే కండ అంత తేలిగ్గా తిరిగి రాదు. స్టెరాయిడ్, నొప్పి మాత్రలు ఖాళీ కడుపున పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏం తినమనాలి? పేరున్న ఆహార పద్ధతుల్లో కాస్తయినా ఆధారం ఉన్నది మధ్యధరా పద్ధతి. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, ముడి ధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువ. వంటకు ఆలివ్ నూనె. ఎర్ర మాంసం, తీపి పదార్థాలు, ప్యాకెట్ తిండి తక్కువ. 2003లో స్వీడన్‌లో 12 వారాలు ఈ పద్ధతిలో తినిపిస్తే జబ్బు ఉధృతిని కొలిచే డీఏఎస్28 స్కోరు 0.56 తగ్గింది. సంతోషమే, కానీ ఒక మందు పనిచేసిందని మీరు ఒప్పుకోవడానికి కనీసం 0.6 పైన తగ్గాలి కదా, దాని అంచు దాకా వచ్చిందంతే. 2020లో అచ్చయిన మరో స్వీడన్ ప్రయోగంలో 50 మందికి చేపలు, ముడి ధాన్యాలు, పండ్లు, కూరగాయలతో 10 వారాలు భోజనం ఏర్పాటుచేశారు. ప్రధాన విశ్లేషణలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. ఇవన్నీ చూసే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాల్లో మధ్యధరా పద్ధతిని షరతులతో సిఫారసు చేసింది, పేరు పెట్టి అమ్ముతున్న మిగతా ఆహార పద్ధతులు వద్దంది.

నొప్పి కొద్దిగానే తగ్గేట్టయితే ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. గుండె కోసం. ఈ జబ్బున్నవారికి గుండె జబ్బు ముప్పును మామూలు లెక్కతో అంచనా వేశాక దాన్ని 1.5తో హెచ్చించాలని యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ చెబుతోంది. ఈ జబ్బుకు వాడే టోసిలిజుమాబ్, జాక్ నిరోధకాల వంటి మందులతో కొలెస్ట్రాల్ పెరగడం కూడా ఉంది. కీళ్ల కోసం చెబితే మూడు నెలల్లో ఫలితం కనబడక రోగి మానేస్తాడు. గుండె కోసం అని మొదటి రోజే చెబితే నిలబడతాడు. కాగితంలో ఆ మాట ఉండాలి.

ప్రొటీన్ విషయంలో మాత్రం 'తగినంత' అనే మాట వాడకండి. తగినంత అంటే ఎంతో ఎవరికీ తెలియదు. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు, వయసు పైబడినవారిలో 1.5 గ్రాముల దాకా వెళ్లొచ్చు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి ఈ లెక్క వర్తించదు, వాళ్లకు విడిగా నిర్ణయించాలి. 60 కిలోల మనిషికి 1.2 చొప్పున 72 గ్రాములు. దాన్ని మూడు పూటలకు తలా 24 గ్రాములుగా పంచాలి. కండరం ఒక్క పూట వచ్చిపడిన ప్రొటీన్‌ను దాచుకుని మర్నాటికి వాడుకోలేదు.

ఎక్కువగా తేడా వచ్చేది పొద్దున పూటే. ఆ వేళకు వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, వండటం కుదరదు, ఆకలీ ఉండదు. టీ, రెండు బిస్కెట్లతో ఆ పూట గడిచిపోతుంది. అందులో ప్రొటీన్ రెండు మూడు గ్రాములకు మించదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 7, గుప్పెడు అంటే 30 గ్రాముల బాదం లేదా వేరుశనగలో 6 నుంచి 7. ముందు రోజు సాయంత్రం ఉడికించి పెట్టుకున్న రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు గింజలు కలిస్తే పొయ్యి వెలిగించకుండానే 25 గ్రాములు. గుడ్డు పెంకు తీయడం కూడా కష్టమైన రోజులుంటాయి కాబట్టి ముందురోజే వలిచి, మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి. గుడ్లు తిననివారికి మాత్రం మంచి హెచ్చరిక ఇవ్వాలి: ఉడికిన పప్పుధాన్యాలలో 100 గ్రాములకు 8, 9 గ్రాములే ప్రొటీన్ ఉంటుంది. పలచగా నీళ్లు పోసి చేసినదైతే గిన్నెడు తాగినా లెక్క తేలదు. చిక్కగా వండి, పక్కన పాలో పెరుగో ఉంచితేనే పూటకు సరిపడా వస్తుంది.

తిన్న ప్రొటీన్ కండగా మారడానికి కండరానికి పని చెప్పాలి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, రబ్బరు పట్టీతో చేసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు వారానికి రెండు మూడుసార్లు చేయాలి. వ్యాయామం చెప్పే కాగితం ఒకరు, ఆహారం చెప్పే కాగితం ఇంకొకరు ఇవ్వడం మానండి. రెండూ ఒకే కాగితంలో ఉండాలి.

ఇక చేప నూనె. రోగి అడగకుండా ఉండని విషయం ఇది, మీరు కూడా "వేసుకోండి, మంచిదే" అని ఊరుకునే విషయం. నొప్పి మీద ప్రభావం చూపించిన ప్రయోగాలలో చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి రోజుకు సుమారు 2.7 గ్రాములు, అదీ కనీసం మూడు నెలలు ఇచ్చారు. మామూలుగా దొరికే 1000 మిల్లీగ్రాముల మాత్రను తిప్పి వెనక చూడండి. ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంటుంది. పనికొచ్చేది 300 మిల్లీగ్రాములే, మిగిలింది ఇతర కొవ్వు. అంటే 2.7 గ్రాములకు రోజుకు తొమ్మిది మాత్రలు. రోజుకు ఒకటి వేసుకుని మూడు వారాల తర్వాత "పనిచేయలేదు" అన్నవాళ్లు దాన్ని సరిగ్గా పరీక్షించనే లేదు. గాఢత ఎక్కువున్న రకమైతే నాలుగైదు చాలు, ద్రవరూపంలో అయితే ఇంకా సులువు. భోజనం మధ్యలో తీసుకుంటే చేప త్రేన్పులు తగ్గుతాయి.

ఇక్కడొక ప్రమాదం దాగి ఉంది. చవగ్గా వస్తుందని కొందరు కాడ్ లివర్ నూనె వైపు మళ్లుతారు. అది చేప కాలేయం నుంచి తీసేది, చేప నూనె వేరు. ఒక చెంచా కాడ్ లివర్ నూనెలో సుమారు 1350 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఉంటుంది. 2.7 గ్రాముల ఒమేగా-3 కోసం మూడు చెంచాలకు పైగా తాగాలి. అప్పటికి విటమిన్ ఎ 4000 దాటుతుంది. పెద్దలకు రోజువారీ గరిష్ఠ హద్దు 3000. దీర్ఘకాలం అలా తీసుకుంటే కాలేయానికి, ఎముకలకు చేటు; గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలకు, పుట్టబోయే బిడ్డకు మరీ చేటు. ఇంకో సంగతి, రోజుకు గ్రాము దాటిన ఒమేగా-3 మాత్రలతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ముప్పు పెరుగుతున్నట్టు పెద్ద ప్రయోగాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. గుండె లయ తప్పిన చరిత్ర ఉన్నవారికి, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఇది మీతో మాట్లాడాకే మొదలుకావాలి. మూడు నెలలు సరైన మోతాదులో వాడినా తేడా లేకపోతే ఆపేయమని కూడా రాయండి. ఎప్పుడు ఆపాలో చెప్పకపోతే ఏళ్ల తరబడి మింగుతూనే ఉంటారు. చేపలు తినేవాళ్లు వారానికి రెండుసార్లు కొవ్వున్న చేప తినడం గుండెకు మంచిదే, కానీ దాంతో 2.7 గ్రాముల మోతాదు రాదు.

మందులకూ తిండికీ ఉన్న లంకె చాలా కాగితాల్లో అసలు కనబడదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. దానితో పాటు వారానికి కనీసం 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే వికారం తగ్గుతుంది, కాలేయ ఎంజైములు పెరగడం తగ్గుతుంది, మందు మధ్యలో మానేసేవాళ్లు తగ్గుతారు. వారానికోసారి 5 మిల్లీగ్రాముల బిళ్ల, లేదా రోజూ 1 మిల్లీగ్రాము. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ బిళ్లలు రెండూ చాలాచోట్ల చిన్నగా, పసుపు రంగులో, ఒకేలా ఉంటాయి. రోజూ వేసుకోవాల్సింది ఫోలిక్ యాసిడ్ అయితే, పొరబాటున మెథోట్రెక్సేట్ రోజూ వేసుకున్న రోగి వారం తిరక్కుండానే నోటి పుళ్లతో, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయంలో పడొచ్చు. కాగితం మీద వారం పేరు అక్షరాల్లో రాయండి: 'మెథోట్రెక్సేట్ – సోమవారం మాత్రమే'. రెండింటినీ ఒకే డబ్బాలో పోయవద్దని చెప్పండి. ఫోలేట్ ఉందని ఆకుకూరలు మానేసే రోగులు కూడా ఉన్నారు, మందు పనితనం తగ్గుతుందన్న భయంతో. ఆ భయం అక్కర్లేదని ఒక వాక్యం రాస్తే చాలు. ఈ జబ్బుకే ఇచ్చే సల్ఫాసలజీన్ వాడేవారిలో ఫోలేట్ ఒంటికి పట్టడం తగ్గుతుంది కనుక వాళ్లకు ఆ వాక్యం మరీ అవసరం.

వికారంతో వారానికి రెండు రోజులు తిండి మానేసేవాళ్లు "మామూలే కదా" అని మీకు చెప్పరు. మీరే అడగాలి. మందును రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే వికారంలో కొంత నిద్రలో గడిచిపోతుంది. మర్నాడు వేడివేడి ఘాటైన వంటల కన్నా చల్లారినవి, వాసన తక్కువ ఉన్నవి కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తింటే లోపల నిలుస్తాయి. అప్పటికీ తగ్గకపోతే మాత్ర బదులు ఇంజక్షన్ గురించి ఆలోచించాల్సింది మీరు.

స్టెరాయిడ్ మూడు నెలలు దాటి, ప్రెడ్నిసొలోన్ రోజుకు 2.5 మిల్లీగ్రాములైనా సరే, తీసుకునేవారికి కాల్షియం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు, విటమిన్ డి 600 నుంచి 800 యూనిట్లు అందాలి. ఇది ఆహారమూ మాత్రా కలిపి. చాలామంది ఆహారాన్ని లెక్కలోకే తీసుకోరు. 200 మిల్లీలీటర్ల పాలలో 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు పాలూ పెరుగూ కలిపి మూడు గ్లాసులంత తీసుకునేవారికి 700 అక్కడే వచ్చేస్తుంది, ఒక 500 మాత్ర చాలు. పాలు మానేయమని కాగితంలో రాసి ఉంటే ఆ 700 పోయినట్టే. డబ్బా మీద '1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్' అని ఉంటే అసలు కాల్షియం 500 మాత్రమే. ఒక విడతకు 500 మించి వేసుకున్నా ఒంటికి పట్టేది తక్కువ. కార్బొనేట్ రకం భోజనంతో వేసుకోవాలి, దానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వాడేవారికి సిట్రేట్ రకం నయం. ఎముకల కోసం ఇచ్చే అలెండ్రోనేట్ వాడుతుంటే దాన్ని పరగడుపున ఒక గ్లాసు మంచినీళ్లతో వేసుకుని, అరగంట నిటారుగా ఉండి, తర్వాతే ఏదైనా తినాలి. పాలతో మింగితే మందు కడుపులోకి వెళ్లినా రక్తంలోకి చేరదు.

స్టెరాయిడ్‌తో పెరిగే షుగర్ చాలాసార్లు పొద్దున పరీక్షకు దొరకదు. ఉదయం వేసుకున్న మోతాదు మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం పూట షుగర్‌ను పైకి లేపుతుంది, మర్నాటి పరగడుపుకు దిగిపోతుంది. పరగడుపు రిపోర్టు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు కూడా చూడండి. ఆ మందుతో ఆకలి మండిపోతుందని, అది రోగి తిండిపోతుతనం కాదని కూడా చెప్పండి. ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు ఉంచితే ముఖం, కాళ్ల ఉబ్బు కొంతైనా తగ్గుతుంది.

రక్తహీనత కనబడగానే "ఐరన్ ఉన్నవి బాగా తినండి" అనడం ఇంకో అలవాటు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ఐఎల్-6 వల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగు దగ్గరే ఐరన్‌కు తలుపు వేసేస్తుంది. నిల్వల్లో ఉన్న ఐరన్ కూడా బయటికి రాదు. ఈ స్థితిలో ఎంత తిన్నా హిమోగ్లోబిన్ లేవదు, రోగి తన తిండిదే తప్పు అనుకుని కుంగిపోతాడు. అదే సమయంలో నొప్పి మాత్రలతో కడుపులో నెత్తురు కారి నిజమైన ఐరన్ లోపం కూడా ఉండొచ్చు. ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ అంకె, ఒంట్లో వాపు ఉన్నప్పుడు దానంతటదే పెరుగుతుంది కాబట్టి 60 ఉన్నా, 80 ఉన్నా లోపం లేదని చెప్పలేం. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ ఎక్కువ ఉన్నప్పుడు ఫెరిటిన్ 100 లోపు, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే అంకె) 20 శాతం లోపు ఉంటే ఐరన్ లోపాన్ని అనుమానించాలి. మలం నల్లగా వస్తోందా అని, ఐరన్ మాత్ర మొదలుపెట్టకముందే అడగాలి, ఎందుకంటే మాత్ర మొదలయ్యాక ఎలాగూ నల్లబడుతుంది. మాత్రకు ముందూ వెనకా గంట పాటు టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

బరువు ఎక్కువున్న రోగికి తగ్గమని చెప్పడం న్యాయమే. స్థూలకాయంతో జబ్బు పూర్తిగా అణగడం కష్టమవుతుంది, టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు కూడా అంత బాగా పనిచేయవు. కొవ్వు కణజాలమే సీఆర్‌పీని పెంచుతుంది కాబట్టి, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎక్కువ వచ్చిన అంకె అంతా కీళ్లదే అనుకోకూడదు. అయితే నెలకు ఆరేడు కిలోలు దించే పథకాలలో పోయేదాంట్లో కండ వాటా పెద్దది. వారానికి అరకిలో, ప్రొటీన్ తగ్గకుండా, వ్యాయామంతో. అంతకన్నా తొందర వద్దు.

టీఎన్‌ఎఫ్ నిరోధకాల హెచ్చరికలో 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లిస్టీరియా పేరు చేర్చింది. అది ఆహారంతో వచ్చే క్రిమి. కాచని పాలు, కాచని పాలతో చేసిన మెత్తని చీజ్, పచ్చి గుడ్డు, సగం ఉడికిన మాంసం, చేప ఈ మందులు వాడేవారు తినకూడదు. 'తినకూడనివి' అని రాయదగ్గ వరస ఏదైనా ఉందంటే ఇదొక్కటే, వంకాయ కాదు.

మందుల దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే 'కీళ్ల సప్లిమెంట్ల' గురించి ఒక్క మాట. 2022లో ఎఫ్‌డీఏ అలాంటి కొన్నింటిలో లేబుల్ మీద రాయని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నట్టు పట్టుకుని హెచ్చరించింది. "వేసుకున్న మూడో రోజుకే లేచి పరిగెత్తాను" అని ఎవరైనా చెబితే ఆ డబ్బా తెప్పించి చూడండి. వాడినవారిని ఒక్కసారిగా ఆపమనకండి, లోపల స్టెరాయిడ్ ఉండి ఉంటే అలా ఆపడమూ ప్రమాదమే. గాఢమైన కర్క్యుమిన్ (పసుపులోని పదార్థం) మాత్రలతో, అందులోనూ పైపెరిన్ (మిరియాల్లోని పదార్థం) కలిపినవాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ రోగిలో ఎంజైములు పెరిగినప్పుడు ఈ మాత్రల గురించి అడగడం మరవకండి.

ఇంతా చెప్పాక, రోగి చేతుల వైపు చూడమని మా మనవి. ఏం తినాలో రాసి ఇచ్చాం, వండేది ఆ చేతులే. బిగించిన సీసా మూత తిప్పడానికి కావలసిన పట్టు ఆ బొటనవేలి మొదట్లో లేదు. కూరగాయల చెక్కు తీసే సన్నటి పీలర్ పట్టుకోవాలంటే వాచిన వేళ్లు పూర్తిగా ముడవాలి. నీళ్లు నిండిన గిన్నెను ఒంటిచేత్తో ఎత్తి వంచితే మణికట్టు పక్కకు వంగుతుంది, సరిగ్గా ఆ దిశలోనే ఈ జబ్బు వేళ్లను లాగుతుంది. అందుకే పళ్లూ కూరలూ తినడం తగ్గుతుంది, మెత్తటి ప్యాకెట్ తిండి పెరుగుతుంది. దీన్ని నిర్లక్ష్యం అని రాసుకోకండి.

ఆ చేతులకు సాయపడేవి కూడా కాగితంలో రాయండి. పిడి లావుగా ఉన్న కత్తి, పీలర్. పిడి సన్నగా ఉంటే దానికి ఫోమ్ గొట్టం తొడగొచ్చు. మూతల కింద పట్టుకోవడానికి జారని రబ్బరు గుడ్డ. కూరగాయలు ఉడికించేటప్పుడు తీగల బుట్టలో వేసి నీళ్లలో దించితే, ఉడికాక బుట్టను పైకెత్తితే చాలు, గిన్నె కదపక్కర్లేదు. గిన్నెను ఎత్తకుండా గట్టు మీద జరపడం, ఎత్తక తప్పనప్పుడు రెండు చేతుల అరచేతుల మీద మోయడం. తరగడం కూర్చుని చేయడం. వంట పొద్దున కాకుండా, కీళ్లు వదులయ్యాక మధ్యాహ్నం రెండింతలు చేసి, సగం చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో దాచడం. ముందే తరిగి ఫ్రీజర్‌లో ఉంచిన కూరగాయలలో పోషకాలు తాజా కూరగాయలకు దాదాపు సమానమే, అవి వాడితే తప్పేమీ లేదు. జబ్బు తిరగబెట్టే రోజుల కోసం వంట అక్కర్లేని మూడు రోజుల తిండి ఇంట్లో ఎప్పుడూ ఉండాలి: పాలు, ఉడికించి ఫ్రీజర్‌లో పెట్టిన పప్పులు, లాగితే వచ్చే మూతున్న డబ్బా చేప, గింజలు.

నోరు కూడా చూడండి. దవడ కీలు పట్టేస్తే గట్టి పండు కొరకలేరు. షోగ్రెన్ (నోరు, కళ్లు ఎండిపోయే జబ్బు) తోడైతే లాలాజలం లేక పొడి పదార్థం గొంతు దిగదు, పళ్లు పుచ్చుతాయి. తురిమినవి, ఉడికించినవి, పులుసుగా ఉన్నవి తినమనండి. పుల్లటి బిళ్లలు చప్పరించమని మాత్రం చెప్పకండి, ఉన్న పళ్లు కూడా పోతాయి.

చివరిగా, ప్రతి విజిట్‌లో నర్సు చేయగలిగిన కొలతలు. బరువు, నడుము చుట్టుకొలత. చేతి పట్టు కొలిచే యంత్రం ఈ రోగుల్లో కండ బలాన్ని కాక కీలు నొప్పిని కొలుస్తుంది, కాబట్టి దాని బదులు కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 15 సెకన్లు దాటితే కండ బలం తగ్గినట్టు అనుమానించాలి. మోకాళ్లు వాచి ఉన్న రోజున ఈ అంకె నమ్మకండి, వాపు ఉందని పక్కన రాయండి, వచ్చేసారి మళ్లీ చూడండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో బరువు 5 శాతం తగ్గినా, కుర్చీ పరీక్ష సమయం పెరుగుతూ వస్తున్నా, తిండి సగానికి పడిపోయిందని రోగే చెప్పినా ఆ రోజే డైటీషియన్ దగ్గరికి పంపండి. కాగితం కింద ఆ తేదీ, ఆ సెకన్లు, రోజుకు తినాల్సిన ప్రొటీన్ గ్రాములు రాయడానికి మూడు ఖాళీ గీతలు ఉంచండి. నర్సు పెన్నుతో వాటిని నింపాకే అది రోగి చేతికి వెళ్లాలి.

ఇట్లు
రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులతో పనిచేసే పోషకాహార నిపుణులు